మేత పడే చోట వల

శివరామరాజు గారు ఆ సోమవారం పొద్దున్న మా ల్యాబ్‌కి నీళ్ల సీసా లేకుండా వచ్చారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మా ల్యాబ్ భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే రోడ్డు మీద ఉంది. రొయ్యల రైతులు చెరువు నీళ్లు సీసాలో పట్టుకొస్తారు. అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత, పీహెచ్ ఎంత అని చూసి నేను కాగితం మీద రాసిస్తాను. నేను చదివింది మాత్రం ఎమ్మెస్సీ జియాలజీ. రాళ్ల చదువు. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనే. మా వైపు భూమిలో రాయనేది లేదు. ఎంత తవ్వినా బురద, ఇసక, మళ్లీ బురద. గట్టుకి నాలుగు రాళ్లు కావాలంటే రాజమండ్రి అవతల నుంచి లారీలో రావాల్సిందే. "మన దగ్గర లేనిదాని గురించి చదివావేంటే తల్లీ" అని మా నాన్న రాముడు ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ చదువుకి రెండేళ్లు ఫీజు కట్టింది శివరామరాజు గారే. మా నాన్న ఇరవై రెండేళ్లుగా ఆయన ఆరెకరాల చెరువు మీద పని చేస్తున్నాడు. మా అమ్మ జ్ఞానమ్మ అదే చెరువుకి మేత చల్లుతుంది. మా ఇల్లు ఆ గట్టు చివర మోటారు షెడ్డు పక్కనే. రాజు గారు ఒకప్పుడు నలభై ఎకరాలు లీజుకి చేసేవారు. రెండు పంటలు వరసగా వైరస్‌తో పోయాక లీజులు వదిలేశారు. సొంతానికి మిగిలింది ఈ ఆరెకరాలే.

"జ్యోతి గారూ, తీరిగ్గా ఉన్నారా అండి?" అన్నారు కుర్చీ లాక్కుని. నన్ను చిన్నప్పుడు చెడ్డీతో చూసిన మనిషి, ఇప్పటికీ గారు లేకుండా పిలవరు. వాళ్లింట్లో కోడిపుంజుకి కూడా గారు తగిలిస్తారని మా అమ్మ అంటుంది.

"చెప్పండి రాజు గారూ."

ఫోన్ నా ముందు పెట్టారు. "కనకశిల వాళ్లు కొత్త రిజల్టు ఇచ్చారండి. బోరులో బంగారం రాయి పద్నాలుగు మీటర్లట. టన్నుకి ఆరు గ్రాములట. మీరు చెప్పిందే నిజమైందండి."

నేను చెప్పింది. ఫోన్ మెల్లగా ఆయన వైపుకి జరిపాను.

కనకశిల అనేది బంగారం వెతికే కంపెనీ. గని లేదు, తీసిన బంగారం లేదు. అనంతపురం అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర ఒక కొండ మీద బోర్లు వేసి లోపల ఏముందో చూస్తారు, అంతే. షేరు మాత్రం మార్కెట్లో ఉంది. ఏడాది కిందట రాజు గారు వాళ్ల మ్యాప్ ఒకటి తెచ్చి నా ముందు పరిచారు. కాలేజీ వదిలాక ఎవరూ నన్ను రాయి గురించి అడగలేదు. అందుకేనేమో, అడగ్గానే గంటసేపు చెప్పాను. ఆ రాళ్ల వయసు రెండొందల డెబ్బై కోట్ల ఏళ్లని, అలాంటి నల్లరాయి మధ్యలో పలుగురాయి చారలు దిగిన చోటే బంగారం ఉంటుందని, కొండ ఒత్తిడికి నలిగిన గుర్తులు కూడా మ్యాప్‌లో ఉన్నాయని. చివర్లో "రాయి మంచిదండి" అన్నాను.

ఆ రెండు ముక్కలూ పట్టుకుని ఆయన యాభై ఎనిమిదికి షేర్లు కొన్నారు. ఇప్పుడు ఇరవై ఒకటి. ఆయనతో కొన్నవాళ్లంతా అమ్ముకుని బయటపడ్డారు. ఆయన కదల్లేదు. ఎవరైనా అడిగితే, "రేటు మనుషులు పెడతారండి. రాయి దేవుడు పెట్టాడు. మా జ్యోతి గారు చూసి చెప్పారు" అంటారు.

"ఇప్పుడు షేర్లు ఉన్నవాళ్లకి పద్దెనిమిదికే కొత్తవి ఇస్తున్నారండి" అన్నారు. "ఆదివారం రాజమండ్రిలో మీటింగు. భూమిలోంచి తీసిన రాయి కూడా తెచ్చి చూపిస్తారట. మీరు వచ్చి చూడండి. మీరు ఊఁ అంటే ఆ తర్వాత శుక్రవారం చెరువు అగ్రిమెంటు రాసిచ్చేసి, ఆ డబ్బు దీంట్లో పెడతాను."

"ఏ చెరువండి?"

"నాకు ఎన్ని చెరువులున్నాయండి?"

ఆయన లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "మీ వాళ్ల సంగతి నేను చూసుకుంటానండి. కొనేవాళ్లతో మాట్లాడతాను. మీరు మాత్రం రాయి సంగతే చెప్పండి."

సాయంత్రం ఇంట్లో చెప్పాను. అమ్మ చేతుల నిండా మేత వాసన. చెయ్యి కడుక్కోకుండానే కూర్చుంది.

"రాయి బాలేదని చెప్పెయ్" అంది. "కొనేవాడు వాడి మనుషుల్ని పెట్టుకుంటాడు గానీ మనల్ని ఉంచుతాడా?"

"బాగుంటే?" అన్నాడు నాన్న. "ఆయన ఫీజు కట్టింది అబద్ధం చెప్పించుకోడానికా?"

"బంగారం దొరికితే నీకేమన్నా ఉంగరం చేయిస్తారా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాను, అంతే."

"ఆహా! నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషివి మరి! వల చేతిలో లేనప్పుడు."

నాన్న నవ్వేసి లేచిపోయాడు. అమ్మ ఎందుకలా అందంటే, వల విసరడంలో మా నాన్నకి చుట్టుపక్కల పేరుంది. రొయ్య కొనడానికి బయ్యర్ వచ్చినప్పుడు ముందు ఒక వల వేయించి, పడినవాటిని తూకం వేసి కౌంట్ కడతాడు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్. అంకె తగ్గితే రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పెద్ద రొయ్యలు మేత పడే చోట చేరతాయి, చిన్నవాటిని రానివ్వవు. అందుకని బయ్యర్ వచ్చిన రోజు రాజు గారు కండువా ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదకి మారుస్తారు. నాన్న ఎటూ చూడనట్టే నడిచి మేత పడే మూలకి వెళ్లి వల విసురుతాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను. అది మోసమని ఎప్పుడూ అనిపించలేదు. మా గట్టు మీద పద్ధతి అదీ అనుకునేదాన్ని.

ఆ వారమంతా కనకశిల కాగితాలు చదివాను. చిక్కు ఏంటంటే, ఏ వైపు నుంచి చూసినా రాయి మంచిదే. నల్లరాయి సరైనదే. పలుగురాయి పక్కన బంగారంతో పాటు కనిపించే ఖనిజాలు కనిపించాయి. మట్టి నమూనాల్లో కూడా జాడ ఉంది. కాదనడానికి నాకేమీ దొరకలేదు. అప్పుడు నా మీద నాకే అనుమానం మొదలైంది. కాదంటే మా అమ్మ కోసం అన్నట్టు. అవునంటే నా చదువు వృథా కాలేదని చూపించుకోడానికి అన్నట్టు. ఏది చెప్పినా వెనకాల ఇంకేదో ఉన్నట్టే ఉంది.

ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. పాత రిజల్టుల్లో బోరుకి బంగారం రాయి తగిలిన పొడవు ఒకటిన్నర మీటరు, మీటరు, రెండు మీటర్లు. కొత్త బోరులో ఒక్కసారిగా పద్నాలుగు. పాత బోర్లకి ఏ దిక్కుకి ఎంత వంచి వేశారో అంకెలు రాసి ఉన్నాయి. కొత్త బోరు వరసలో ఆ గడిలో చిన్న గీత పెట్టి వదిలేశారు.

ఆదివారం రాజు గారి కారులో బయల్దేరాం. ఆయన డ్రైవింగు. నేను వెనక సీట్లో ఆయన భార్య వరలక్ష్మమ్మ గారి పక్కన. ఆవిడ తణుకు వరకు కునుకు తీశారు. ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు ట్రాక్టర్ల వెనకాల కారు నెమ్మదించాక మొదలుపెట్టారు.

"ముప్పై ఏళ్ల నుంచి నాలుగు గాజులు చేయించమంటే రేటు దిగనీ అంటున్నారమ్మా. ఇప్పుడు భూమిలో ఉన్న బంగారం కొంటున్నారు. అది ఒంటి మీదకి ఎప్పుడొస్తుందో నువ్వైనా చెప్పు."

"గని తవ్వాక నీకే మొదటి గాజులు" అన్నారు రాజు గారు అద్దంలో చూస్తూ.

"అప్పటికి నా చేతులు ఎక్కడుంటాయో! అమ్మాయ్, నిజం చెప్పు. ఆయనకి జాలిపడి ఊఁ అనకు."

"ఏంటే, ఆవిడకి ముందే పాఠం చెప్తున్నావ్?"

"పాఠం ఆవిడే చెప్పింది కదండీ మీకు. ఏడాది నుంచి అదే వల్లిస్తున్నారు."

నేను కిటికీలోంచి ట్రాక్టర్ మీద కట్టిన చెరుకు గడలని చూస్తూ కూర్చున్నాను.

మీటింగు ఒక హోటల్ మేడ మీద హాల్లో. అరవై, డెబ్బై మంది ఉంటారు. చాలావరకు పెద్దవాళ్లు. గుమ్మం దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఎన్ని షేర్లు అని రాయించుకున్నారు. ఉప్మా, కాఫీ అయ్యాక చైర్మన్ జోగేశ్వరరావు గారు మైకు పట్టుకున్నారు. మూడు తరాలుగా రాజమండ్రిలో బంగారం కొట్టు ఉన్న కుటుంబం. మనిషి మెత్తగా మాట్లాడతారు.

"మా తాతగారు గీటురాయి మీద ఒక్క గీత గీసి మాట చెప్పేవారండి. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. నేనూ అంతే. భయపడి అమ్ముకున్నవాళ్ల గురించి నేను మాట్లాడనండి. మన రాయి కదల్లేదు, మనమూ కదలొద్దు."

చప్పట్లు కొట్టారు. రాజు గారు నా వైపు తిరిగి చూశారు. ఆ మొహంలో ఉన్న ఆశ చూస్తే నాకు భయమేసింది.

హాలు పక్కన గదిలో రాయి పెట్టారు. బోరు యంత్రం భూమిలోంచి కడ్డీలా కోసి పైకి తీసిన రాయి. మామూలుగా దాన్ని చెక్క ట్రేల్లో, మట్టితో, పెన్నుతో రాసిన లోతు అంకెలతో ఉంచుతారు. ఇక్కడ ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి, పైన నగల కొట్లో ఉండే లైట్లు పెట్టారు. లోతు అంకెలు ఎక్కడా లేవు. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకాయన దండం కూడా పెట్టాడు.

నేను వంగి చూశాను. నల్లరాయి. మధ్యలో తెల్లటి పలుగురాయి. దాంట్లో సన్నటి మెరుపు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు కూడా చేతులు జోడించాలనిపించింది. పుస్తకంలో బొమ్మలాగా ఉంది.

తర్వాత ఆ తెల్లటి చార ఎటు వెళ్తోందో చూశాను.

పలుగురాయి చార భూమిలో పలకలా ఏటవాలుగా దిగుతుంది. దానికి అడ్డంగా బోరు వేస్తే, కడ్డీలో ఆ తెలుపు చెరుకు గడ మీద కణుపులా అడ్డంగా కనిపించాలి. ఆ కణుపు ఎంత ఉంటే పలక మందం సుమారుగా అంత. ఇక్కడ అలా లేదు. కొవ్వొత్తిలో ఒత్తిలాగా కడ్డీ పొడుగునా పోతోంది. మొదటి కడ్డీలో, రెండోదాంట్లో, ఆఖరి దాకా అంతే. బోరుని పలకకి అడ్డంగా కాదు, పలక వెంటే కిందికి దించారు. అలా దించితే పద్నాలుగు మీటర్లేంటి, ముప్పై మీటర్లు కూడా వస్తుంది. పలక మాత్రం మందంలో జానెడే ఉండొచ్చు.

అందరూ మళ్లీ హాల్లోకి వచ్చాక ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను చెయ్యి ఎత్తాను.

"కొత్త బోరు ఏ దిక్కుకి, ఎంత వంచి వేశారండి?"

జోగేశ్వరరావు గారు చిరునవ్వు నవ్వారు. "మేడం గారు ఏ కంపెనీ తరఫు నుంచండి?"

"కంపెనీ కాదండి. భీమవరంలో నీళ్ల ల్యాబ్‌లో పని చేస్తాను."

హాల్లో నవ్వులు. వెనక నుంచి ఎవరో "రొయ్యలకి బంగారం మేపుతారేమో" అన్నారు. ఇంకా నవ్వులు.

"జియాలజీ చదివానండి" అన్నాను. "పద్నాలుగు మీటర్లు పొడవు కదండి. మందం ఎంతండి?"

ఆయన చిరునవ్వు పోలేదు. మైకు మాత్రం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది. "మా జియాలజిస్ట్ గారు సైట్‌లో ఉన్నారండి. మీరు మెయిల్ పెట్టండి, తప్పకుండా జవాబు వస్తుంది. నెక్స్ట్ ఎవరండి?"

గుమ్మం దగ్గర రాసుకున్న అబ్బాయిని పిలిచి చెవిలో ఏదో చెప్పారు. ఆ అబ్బాయి పుస్తకంలో వేలు పెట్టి నా పేరు వెతకడం నేను చూశాను.

రాజు గారు గబగబా నడిచి కారు దగ్గరికి వచ్చారు. తాళం తీసి, డోరు తెరవకుండా నిలబడ్డారు.

"మీతో ఎవరైనా మాట్లాడారా అండి?"

"ఎవరండి?"

"ఎవరో. నేను షేర్లు అమ్మితే కొనుక్కుందామని చూసేవాళ్లు ఉంటారు కదండి." తాళం చేతిలో తిప్పారు. "పోనీ మీ అమ్మ ఏమన్నా అందా? చెరువు పోతుందని?"

నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే అమ్మ అంది. ఆ మాట నిజం. అయినా ఆ రాయిలో చూసింది కూడా నిజమే. ఈ రెంటినీ ఎలా విడదీసి చూపించాలో నాకు తెలియలేదు.

"అమ్మ అందండి" అన్నాను. "రాయి బాలేదని చెప్పమంది. నేను అలా చెప్పడం లేదు. రాయి మంచిదే. ఏడాది కిందటా మంచిదే, ఇప్పుడూ మంచిదే. బోరే బాలేదు."

"అదేంటండి? ఒకసారి మంచిదంటారు, ఒకసారి బాలేదంటారు."

దిక్కు, వాలు, కోణం అని మొదలుపెట్టాను. ఆయన మొహం చూస్తే ఒక్క ముక్క ఎక్కలేదని తెలుస్తోంది. కండువా ఎడమ భుజం మీద ఉంది. దాన్ని చూసి ఆగిపోయాను. చెప్పకూడదేమో అనుకున్నాను. అందులో మా నాన్న కూడా ఉన్నాడు.

"రాజు గారూ, బయ్యర్ వచ్చిన రోజు మా నాన్న వల ఎక్కడ విసురుతాడండి?"

ఆయన చెయ్యి కండువా మీదకి వెళ్లింది.

"ఆ వలలో పడేవి మన రొయ్యలే కదండి. బయట నుంచి తెచ్చి వెయ్యలేదు కదా. కౌంట్ కూడా నిజమే. కానీ చెరువంతా అదే కౌంట్ ఉంటుందా అండి?"

ముందు నవ్వింది వరలక్ష్మమ్మ గారు. కారుకి ఆనుకుని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "అయ్యయ్యో! ఇరవై ఏళ్ల నుంచి ఈయన కండువా మారుస్తుంటే, ఈయనకి కండువా మార్చినవాడు దొరికాడే!"

రాజు గారి మొహం ఎర్రబడింది. నా మీద కోపమో, ఆవిడ మీదో తెలియలేదు. డోరు తీసి కూర్చున్నారు. తణుకు దాకా కారు ఎక్కడా ఆపలేదు. అక్కడ టీ కొట్టు దగ్గర కారు ఆపి ఫోన్ తీశారు. స్పీకర్ పెట్టారు.

"జోగేశ్వరరావు గారండి? శివరామరాజునండి, భీమవరం దగ్గర ఉండి నుంచి. ఆయ్. ఒక్క మాటండి. ఆ పలకకి అడ్డంగా ఒక్క బోరు వేసి చూపించండి. అప్పుడు నా చెరువంతా తెచ్చి మీ దాంట్లో పోస్తాను."

అవతల గొంతు మెత్తగానే ఉంది. "బోరు వెయ్యాలంటే డబ్బు కావాలి కదండి. అందుకే కదా కొత్త షేర్లు."

"డబ్బొచ్చాక అడ్డంగా వేస్తారా అండి?"

"అది మా జియాలజిస్ట్ గారు నిర్ణయిస్తారండి. ఇంతకీ మీ పక్కనున్న మేడం గారి పేరు ఆశాజ్యోతి గారే కదండి?"

రాజు గారు నా వైపు చూశారు. ఫోన్ పెట్టేశారు. టీ చల్లారిపోయింది.

"మీ పేరెందుకండి ఆయనకి?"

"తెలీదండి."

టీ గ్లాసు పక్కన పెట్టి, "రాయి మంచిదే కదండి?" అన్నారు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

"మంచిదేనండి."

"అయితే ఉన్న షేర్లు అమ్మను. ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు అడ్డంగా వేస్తాడు. చెరువు మాత్రం రాసివ్వను." ఇంకో టీ చెప్పారు.

శుక్రవారం అగ్రిమెంటు రాయాల్సిన రోజున మా గట్టు మీదకి రొయ్యల బయ్యర్ వచ్చాడు. కొత్త మనిషి. నేను ల్యాబ్‌కి బయల్దేరుతూ, సైకిల్ స్టాండ్ వేసి ఆగాను. అమ్మ మేత బకెట్ పట్టుకుని నిలబడింది. నాన్న వల భుజాన వేసుకుని రాజు గారి వైపు చూడకుండా చూస్తున్నాడు.

ఈసారి మార్చరేమో అనుకున్నాను. రాజు గారు ఆకాశం చూశారు, చెమట తుడుచుకున్నారు, కండువా కుడి భుజం మీదకి వచ్చింది. నాన్న మేత మూలకి నడిచాడు. వల గుండ్రంగా విచ్చుకుని పడింది. తూకం వేస్తే ముప్పై రెండు కౌంట్.

బయ్యర్ తల ఊపి పుస్తకంలో రాసుకున్నాడు. పెన్ను మూయలేదు. చెరువు అవతలి గట్టు వైపు చూశాడు.

"బాగుందండి. ఇంకో వల ఆ మూలన వేయించండి."

నాన్న రాజు గారిని చూశాడు. రాజు గారు నన్ను చూశారు. కండువా తీసి మొహం తుడుచుకుని, చేతిలోనే పట్టుకున్నారు.

"వెయ్యండి రాముడు గారూ, అడుగుతున్నారు కదా" అన్నారు. తర్వాత నా పక్కకి వచ్చి నెమ్మదిగా, "ఆదివారం ఈయన్ని తీసుకెళ్లాల్సిందండి రాజమండ్రికి" అన్నారు.

నాన్న వల నీళ్లు పిండుకుంటూ అవతలి గట్టుకి నడిచాడు. చుట్టూ తిరిగి వెళ్లాలి, చాలా దూరం. రాజు గారు ఆ లోపల ఫోన్ తీసి కనకశిల చూసుకున్నారు. ఇరవై ఒకటి ఇరవై నాలుగైంది.

"చూశారా అండి? ఎవరో కొంటున్నారు."

"ఎవరండి?" అన్నాను.

ఆయనకీ తెలీదు. ఇద్దరం అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడ్డాం. నాన్న వల ఎత్తాడు.